చుక్కలు తుడిచిన స్కానర్ సారు

స్కానర్ సారు ఆ మెడికల్ కాలేజీలో అడుగుపెట్టిన రోజే అక్కడి దుమ్ముకి రోజులు దగ్గర పడ్డాయి.

అతనికి శుభ్రం పిచ్చి. పుట్టగానే అందరు పిల్లల్లా ఏడవలేదట. నర్సు చేతులు కడుక్కుందో లేదో చూసుకుని, ఆ తరవాత తీరిగ్గా ఏడ్చాడట. ఈ మాట స్వయంగా వాళ్ళమ్మే చెప్పింది కాబట్టి నమ్మక తప్పదు.

కంపెనీ అతన్ని ఒక స్కానర్ మిషనుతో సహా హిస్టాలజీ లాబ్‌కి పంపింది. చర్మం, కాలేయం, కిడ్నీ, ఇలా ఒంట్లో ఉన్నవన్నీ ఉల్లిపొర కన్నా సన్నగా కోసి, గులాబీ, ఊదా రంగులు వేసి, అద్దం పలకల మీద అతికించి ఉంచుతారు అక్కడ. ఆ స్లయిడ్లన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని. ఫోన్లో మాప్ సాగదీస్తే ఊరు, వీధి, ఇల్లు కనపడ్డట్టే, ఈ బొమ్మని సాగదీస్తే కణం దాకా కనపడుతుంది. ఒక్క మైక్రోస్కోపు కోసం పదిమంది స్టూడెంట్లు తలలు ఢీకొట్టుకునే బాధ తప్పుతుంది.

స్కాన్ చేసే ముందు స్లయిడ్ తుడవాలని మాన్యువల్లో ఒక్క ముక్క రాసి ఉంది. ఆ ఒక్క ముక్కా చూసి మన సారు ఆనందంతో ఉబ్బిపోయాడు. స్పిరిట్ సీసా, మెత్తటి గుడ్డ పట్టుకుని వారం పొడుగునా తుడిచాడు. స్లయిడ్లలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంతలా తుడిచాడు.

సెలవు నుంచి వచ్చిన ట్యూటర్ ఒక స్లయిడ్ తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి.

స్టూడెంట్లు ఆమెని చాటుగా ఫోకస్ మేడమ్ అంటారు. క్లాసులో ఆమె నోట ఎక్కువగా వినపడే మాట అదే. ఆమె గట్టిగా అరిచిందంటే భయం లేదు. గొంతు తగ్గించిందంటే మాత్రం అందరూ బల్లల కింద దూరతారు.

"ఇవి ఎవరు తుడిచారు?" అంది గొంతు తగ్గించి.

స్కానర్ సారు కొత్తవాడు. బహుమతేదో ఇస్తుందనుకున్నాడు.

"నేనేనండీ! ఎంత మురికనుకున్నారు? ప్రతి స్లయిడ్ మీదా నల్ల సిరా చుక్కలు. ఎవరో పెన్ను విదిలించినట్టున్నారు."

"విదిలించలేదు. పెట్టారు."

"ఎవరండీ?"

"మా అత్తయ్య. ఇక్కడే ప్రొఫెసర్‌గా చేసింది. సర్వీసంతా కూర్చుని పెట్టింది ఒక్కో చుక్కా. క్లోమం స్లయిడ్‌లో చుక్క కిందకి చూస్తే ఐలెట్, ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపు, ఉంటుంది. చర్మంలో చుక్క కిందకి చూస్తే చెమట గ్రంథి. చుక్క లేకపోతే పిల్లలు అడవిలో పడ్డట్టే. తుడిచే ముందు ఒక్క మాట అడగొచ్చుగా?"

"మురికిని అడిగి తుడుస్తామా అండీ?"

ఈ మాట అనకుండా ఉంటే బాగుండేదని అతనికి సగం మాటలోనే తెలిసింది. కానీ మిగతా సగం అప్పటికే బయటికి వచ్చేసింది.

ఆమె ముక్కు కొస గులాబీ రంగుకి తిరిగింది. అచ్చం స్లయిడ్ల మీది గులాబీ. తిట్లు తింటున్నవాడు తిట్లు వినాలి గానీ, ఇతను ఆ ముక్కునే చూస్తూ నిలబడిపోయాడు. ఏదో అయింది అతనికి. మాన్యువల్లో ఎక్కడా రాయని సంగతి.

ఆ రోజు నుంచీ ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. పని పడితే గోడకి చెప్పేది.

"గోడగారూ, కిడ్నీ స్కానింగ్ అయిందేమో కనుక్కోండి."

"అయిందని చెప్పండి గోడగారూ. అలాగే సారీ కూడా చెప్పండి."

"సారీలు స్కాన్ చేసి దాచుకోమనండి."

కట్టిన దగ్గర్నుంచీ ఆ గోడకి అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

చివరికి ఓర్చుకోలేక అతను నేరుగా అత్తయ్యగారింటికే వెళ్ళాడు. మోకాలి ఆపరేషనై, కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది ఆవిడ. స్టూలు మీద ఉన్నా ఆ కాలు కూడా ప్రొఫెసర్ లాగే ఉంది.

"చుక్కలు తుడిచినవాడివి నువ్వేనా?"

"నేనేనండీ."

"ఏదీ, నా కళ్ళజోడు తుడువు."

జేబులోంచి గుడ్డ తీసి, ప్రాణం పెట్టి తుడిచి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుని చుట్టూ చూసింది.

"ఓరి! ఈ కర్టెన్ మీద పూలున్నాయా?" అంది. "పనిమంతుడివే. సరే విను బాబూ. గాజు మీద చుక్కలు పోయాయి గానీ నా బుర్రలోవి పోలేదు. నీ కంప్యూటర్లో చుక్కలు పెట్టొచ్చా?"

"మాప్‌లో పెట్టినట్టు పిన్నులు పెట్టొచ్చండీ. పక్కన పేరు కూడా రాయొచ్చు. నేనే కాదు, ఎవరొచ్చినా తుడవలేరు."

"అయితే అమ్మడూ నువ్వూ కూర్చుని పెట్టండి. నేను ఇక్కణ్ణుంచి టాబ్లెట్‌లో చూసి చెబుతాను."

ఆ అమ్మడు, అంటే ఫోకస్ మేడమే, కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"పంచదార ఎంత?" అంది అతన్నే చూస్తూ. దగ్గర్లో నాలుగు గోడలున్నాయి. ఒక్కదాన్నీ అడగలేదు.

అక్కణ్ణుంచి పిన్నుల పని మొదలైంది. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో దిక్కులు చూసే అమ్మాయి ఒకరోజు కంప్యూటర్ ముందు నుంచి ఎగిరి గంతేసి "మేడమ్, నాకు ఐలెట్ కనపడింది!" అని అరిచింది. ఆ అరుపుకి పక్క డిపార్ట్‌మెంట్లో అస్థిపంజరం ఉలిక్కిపడింది. ఫోకస్ మేడమ్ నవ్వుతూ తిరిగి చూసింది. చూపు వెళ్ళి వెళ్ళి స్కానర్ సారు దగ్గర ఆగింది. కొంచెం ఎక్కువసేపే ఆగింది.

కానీ ఏ పనికైనా ఆఖరి రోజంటూ ఒకటి వస్తుంది కదా. మర్నాడు మిషను పెట్టెలో సర్దుకుని ఇంకో కాలేజీకి పోవాలి. ఆ పొద్దున్నే డిపార్ట్‌మెంట్ హెడ్ ఫోన్ చేసి, "ఇక్కడే ఉండి డిజిటల్ లాబ్ చూసుకోవయ్యా. ఉంటావో లేదో సాయంత్రంలోగా చెప్పు," అన్నారు. ఉండాలనే ఉంది అతనికి. కానీ ఆమె వద్దంటే, రోజూ ఆ ముక్కు చూస్తూ బతకడం అతని వల్ల కాదు.

ఆ ఆఖరి రోజు ఆదివారం. కాలేజీ అంతా ఖాళీ. బయట వాన, ఎవరో పైనుంచి బిందెలతో గుమ్మరిస్తున్నట్టు. ఆమె పై అంతస్తు లాబ్‌లో, అతను కింద స్కానర్ గదిలో. మిగిలింది క్లోమం స్లయిడ్ ఒక్కటే. అత్తయ్య నాలుగింటికి నిద్ర లేచి టాబ్లెట్‌లోకి వస్తానంది.

తెర మీద ఇద్దరి మౌస్ బాణాలూ ఒకే స్లయిడ్‌లో తిరుగుతున్నాయి. ఆమెది ఊదా, అతనిది ఆకుపచ్చ. మాటలు మైకులో.

"మీ బాణం ఏంటి, నా వెనకే వస్తోంది?" అందామె.

"దారి తెలీదు కదండీ."

"ఇటు ఎడమకి రండి. ఆగండి, ఆగండి! గుద్దేస్తారు."

"గుద్దితే ఏమవుతుందండీ?"

"ఏమో. మాన్యువల్ చూడండి."

ఆకుపచ్చ బాణం ఊదా బాణం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఊదా బాణం కదల్లేదు. ఇద్దరి మధ్యా ఒక అంతస్తు స్లాబ్ ఉన్నా అతనికి చెవులు వేడెక్కాయి.

"మేడమ్."

"ఊఁ."

"హెడ్ సార్ నన్ను ఇక్కడే ఉండమంటున్నారు. సాయంత్రంలోగా చెప్పాలి."

ఊదా బాణం ఉన్నచోటే ఒక చిన్న సున్నా చుట్టింది.

"లాబ్ కోసమని చెప్పి ఉండిపోవచ్చు. కానీ నాకు ఉండాలనున్నది లాబ్ కోసం కాదండీ. మీ చుక్కలు తుడిచిన రోజు నుంచీ నా బుర్రలో ఇంకేదీ నిలవడం లేదు. మీరు ఉండమంటేనే ఉంటాను. లేదంటే రేపు పొద్దున్నే..."

"ఆ పిన్ను అక్కడ కాదు," అంది ఒక గొంతు. "కాస్త కుడికి."

ఇద్దరి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యా! నువ్వెప్పుడొచ్చావు?"

"మీ ఇద్దరికన్నా ముందే వచ్చాను. నిద్ర పట్టలేదు."

"కానీ మీ బాణం కనపడలేదండీ!" అన్నాడు అతను.

అనేశాక గుర్తొచ్చింది. రంగు ఎంచుకోకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తెల్ల బాణం ఇస్తుంది. టిష్యూ పక్కన ఖాళీ గాజంతా తెలుపే. రోజూ ఈ సాఫ్ట్‌వేర్‌తోనే బతికే మనిషి ఆ సంగతే మర్చిపోయాడు. ఆవిడ ఆ తెలుపులో తెల్లగా కూర్చుని, క్లాసులో వెనక వరస నుంచి గమనించినట్టు అంతా గమనించింది.

"క్షమించండి అత్తయ్యగారూ..."

"అప్పుడే అత్తయ్యగారు కూడానా? స్పీడుగానే ఉన్నావు."

అతను నాలుక కరుచుకున్నాడు.

"అబ్బాయి శుభ్రంగా ఉంటాడు, చేసిన తప్పు ఒప్పుకోడానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నాకు అభ్యంతరం లేదు. మీ నాన్నకి నేను చెబుతాను, వాడికి నేనంటే హడల్. ఇక నీ ఇష్టం అమ్మడూ. నేను వెళ్ళిపోతున్నా, మీరు మాట్లాడుకోండి."

తరవాత చప్పుడు లేదు.

స్కానర్ సారు తెర మీద తెల్లటి చోటల్లా సాగదీసి వెతికాడు. ఏ మూల చూసినా తెలుపే.

"వెళ్ళారంటారా?" అన్నాడు గుసగుసగా.

"ఏమో."

"ఉంటే?"

"ఉంటే ఉండనివ్వండి," అంది ఫోకస్ మేడమ్. గొంతు తగ్గించే అంది. కానీ ఈ తగ్గించడం వేరు. "నేను చెప్పేది అత్తయ్య వింటేనే మంచిది. రేపు మీరు మాట మారిస్తే సాక్ష్యం ఉంటుంది."

"మీరు చెప్పేది ఏంటండీ?"

ఊదా బాణం నెమ్మదిగా కదిలి వచ్చి ఆకుపచ్చ బాణానికి ఆనుకుని ఆగింది.

"మిషను పెట్టెలో పెట్టకండి. హెడ్ సార్‌కి ఇప్పుడే ఫోన్ చేసి ఉంటానని చెప్పండి. నా కోసమని మాత్రం చెప్పకండి, సిగ్గు."

అతను ఫోను అందుకోబోతే కింద పడింది. దాన్ని తీసి, తుడవకుండానే చెవి దగ్గర పెట్టుకున్నాడు.

క్లోమం పక్కన తెల్లటి ఖాళీలోంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినపడింది.