తరవాణి పారబోసినవాడు

గోపాల్‌పూర్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం ఏజెంట్ సోములుది. మెడ మీద సూది గుర్తు. వాచీ వెనకమూతలో మడిచిన కాగితం: "శుక్రవారం. పదకొండు. ప్లాంట్ లోపలి మనిషే."

"బరంపురం మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటి రిజర్వాయర్‌కి పంపే ప్లాంట్ అది," అన్నాడు చీఫ్, ఏజెంట్ వైకుంఠరావుతో. "శుక్రవారం మొదటి వాల్వ్ తెరుస్తారు. ఆ నీళ్లలో విషం పడితే ఊరు ఊరంతా పోతుంది. ఆ తరవాత దేశంలో ఎవరూ వాడిన నీటిని మళ్లీ ముట్టరు. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే మెషీన్లు అమ్మే విదేశీ ముఠాకి కావలసిందదే. అనుమానితులు ఇద్దరు. కన్సల్టెంట్ వాసవీకుమారి, కెమిస్ట్ జగ్గారావు. లోపల మన మనిషీ ఒకరున్నారు. ఎవరో సోములుకే తెలుసు. కోడ్: 'సముద్రం తియ్యగుందా?' జవాబు: 'ఉప్పు మరిచిపోయింది.'"

శుక్రవారం పొద్దున్న ప్లాంట్ క్యాంటీన్‌లో ఎంగిలి గిన్నెలు తీస్తున్న కొత్త పనివాడు వైకుంఠరావే. జేబులో పెన్ను. విషం దగ్గరికొస్తే దాని కొస ఎర్రగా వెలుగుతుంది.

నల్లకళ్లద్దాల వాసవీకుమారి అప్పటికి రెండుసార్లు ట్యాంక్ గదికి వెళ్లొచ్చింది. భుజాన బ్యాగు దించదు. ఆమె పక్కనుంచి పోతుంటే పెన్ను వెలిగింది.

దొరికింది, అనుకున్నాడు.

వంటమనిషి చిట్టమ్మ కేక అప్పుడే వినబడింది. "ఏటి బాబూ! ఇంత ఎండలో తరవాని పారబోసీసినావేటి? మన పక్కోల్లు మెతుకులొగ్గీసినా అదొగ్గరు గదా!"

జగ్గారావు చద్దన్నం పిండుకుని, ఆ పుల్లనీళ్లు తూములో వొంపేశాడు. "మాదీ ఈ పక్క సోనేపూరే అప్పా. ఇయాల ఆకల్లేదు," అని నవ్వి లేచిపోయాడు.

వైకుంఠరావు ఆ గిన్నె తీసుకున్నాడు గాని, కళ్లు బ్యాగు మీదే ఉన్నాయి. గిన్నెతోనే ఆమె వెనక నడిచాడు.

పది యాభై అయిదు. వరండా మలుపులో ఆమె గిర్రున తిరిగింది. లిప్‌స్టిక్ గొట్టంలోంచి సూది బయటికొచ్చి అతని మెడకి ఆనింది.

"సోములుని చంపింది నువ్వేనా?"

"అది నేనడగాల్సిన మాట," అన్నాడు. "సముద్రం తియ్యగుందా?"

ఆమె సూది వెనక్కి తీసింది. "ఉప్పు మరిచిపోయింది. ముఠా నన్ను తమ మనిషే అనుకుంటోంది. నాకిచ్చిన క్యాప్సూల్ ఈ బ్యాగులోనే ఉంది. రెండోది ఎవరికిచ్చారో చెప్పలేదు. నువ్వేననుకున్నాను."

వైకుంఠరావు చేతిలోని గిన్నెకేసి చూశాడు. అడుగున నాలుగు మెతుకులు. తరవాణి చుక్క లేదు. సోనేపూర్‌లో పుట్టినవాడు, ఆకలి లేనివాడు, అన్నం తిని తరవాణి వొంపేశాడు! వాడు ఇక్కడివాడే కాడు.

"జగ్గారావు!"

ఇద్దరూ పరుగెత్తారు. పది యాభై తొమ్మిది. ట్యాంక్ మూత తెరిచి ఉంది. దాని మీదకి చాచిన జగ్గారావు వేళ్లు విడిపోయాయి, క్యాప్సూల్ జారింది. వైకుంఠరావు బోర్లా పడి గిన్నె చాపాడు.

ఠంగుమంది. క్యాప్సూల్ మెతుకుల్లో దొర్లింది. జేబులో పెన్ను భగ్గున వెలిగింది. వాసవి మత్తుసూది దిగాక జగ్గారావు గోడకి జారి కూలబడ్డాడు.

పదకొండు. వాల్వ్ తెరుచుకుంది.

సాయంత్రం జగ్గారావుని జీపెక్కించాక, చిట్టమ్మ వాళ్ల వీధి కుళాయి నుంచి మొదటి గ్లాసు పట్టుకొచ్చింది. వైకుంఠరావు వాసన చూశాడు. పెన్ను వెలగలేదు. అయినా గ్లాసు వాసవి వైపు జరిపాడు.

"మీరు ముందు."

"అబ్బే, మీరే."

చిట్టమ్మ గ్లాసు లాక్కుని ఎత్తి గటగటా తాగేసింది. "ఊరంతటికీ కాపలా కాసినారు. మీకే నమ్మకం లేదేటి?"