పై గేరు

2008 ఫిబ్రవరి. సోమవారం పొద్దున ఏడున్నరకు సూర్యాపేట బస్టాండులో ఒక మనిషి సగం టీ తాగి చచ్చిపోయాడు.

గ్లాసు కింద పడలేదు. చేతిలోనే ఉంది. పక్కన కూర్చున్న ముసలమ్మ నిద్ర పట్టిందేమో అనుకుంది. "బిడ్డా, బస్సొచ్చింది" అని భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు.

పేరు నాగరాజు. పైకి ఎలక్ట్రీషియన్. లోపల సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. పోలీసులు రాకముందే అతని జేబులోని వస్తువును డిపార్ట్‌మెంట్ మనిషి ఒకడు తీసేశాడు. గంటలో అది విత్తనాల కొట్టు వెనకగదిలో చీఫ్ లక్ష్మీనర్సయ్య టేబుల్ మీద ఉంది.

జానెడు స్టీలు సిలిండర్. రెండు చివర్లా సన్నటి నీలం పైపులు.

"ఏందిది?" అన్నాడు చీఫ్.

ఎదురుగా ఏజెంట్ మట్టయ్య కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. గొర్ల మంద వెనక పెరిగినవాడు. మాట తక్కువ. లారీ షెడ్లలో ఏడేళ్లు వెల్డర్ వేషం వేసి నిజంగానే వెల్డర్ అయిపోయాడు.

"గాలి సిలిండర్ సార్. ఇటుకెళ్లి గాలి కొడితే రాడ్ బయటికి తన్నుతది. అటుకెళ్లి కొడితే లోపటికి గుంజుతది. గేర్ మార్చెటందుకు."

చీఫ్ తల ఊపాడు. "క్రోల్ వచ్చిండు."

ఆ పేరు వినగానే మట్టయ్య టీ గ్లాసు పక్కకు జరిపాడు. పరదేశపు హంతకుడు. ఇప్పటికి మూడు దేశాల్లో ముగ్గురు సైంటిస్టులు. ముగ్గురివీ రోడ్డు యాక్సిడెంట్లే. ఒక్క చోట కూడా డ్రైవర్ దొరకలేదు.

"మిర్యాలగూడ అవతల మూతబడ్డ రైస్ మిల్లుల బండి బిగిస్తున్నరు" అన్నాడు చీఫ్. "పైపుల ఫ్రేము, ఫైబర్ బాడీ, నడుమ పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్. ముక్కలు ముక్కలుగ పెట్టెలల్ల వచ్చింది. కాగితపు పడవ లెక్క తేలిక. తుపాకి గుండు లెక్క స్పీడు. నడిపెటోడు ఉండడు. రిమోట్."

"స్టీరింగ్‌ను మోటార్ తిప్పుతది. క్లచ్ తొక్కెటోడే లేడు. అందుకే ఈ సిలిండర్" అన్నాడు మట్టయ్య.

"ముందట నలభై కిలోల పేలుడు మందు పెడ్తరు. గురువారం పది గంటలకు డాక్టర్ సావిత్రి కారు కోదాడ దగ్గర కాలువ బ్రిడ్జి దాటుతది. ఆమె కనిపెట్టిన కొత్త రాకెట్ ఇంధనం ఫార్ములా ఆమె తలకాయల తప్ప ఇంకేడ లేదు."

"ఆమె దారి మార్చుండ్రి."

"మారిస్తే క్రోల్ మాయమైతడు. వచ్చే నెల ఇంకోతాన కొడ్తడు. అప్పుడు మనకు తెల్వది. రిమోట్ చేతిలుండంగ వాన్ని పట్టాలె. బండి మాత్రం ఆమె దాకా పోవద్దు."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర, కెమెరాను లెక్కచేయని నవ్వు.

"వసంత. క్రోల్‌కు ఇంటర్‌ప్రెటర్. రెండేండ్ల సంది మన మనిషి. తొమ్మిది రోజులైంది, ఒక్క కబురు లేదు. నువ్వు 'వడ్లు ఎండినయా' అనాలె. ఆమె 'ఇంకా తేమున్నది' అనాలె."

"అనకపోతే?"

చీఫ్ నాగరాజు సిలిండర్‌ను సొరుగులో వేసి తాళం పెట్టాడు. జవాబు అదే.

*

మిల్లులో వడ్ల వాసన ఇంకా పోలేదు. ఆ వాసన మధ్యలో నేలకు జానెడు ఎత్తున నల్లటి బండి పడుకుని ఉంది. నల్లతాచు లాంటి బండి. దాని పక్కన చెక్కపీట మీద మిర్యాలగూడ పాత మెకానిక్ మంగయ్య బీడీ ముట్టించుకుంటున్నాడు.

"కొత్త వెల్డర్‌వా? దా, కూసో. పేరు?"

"లింగయ్య" అన్నాడు మట్టయ్య. చొక్కా గుండీలో వైర్‌లెస్ ఉంది.

"సినిమా బండంట తమ్మీ. హీరో లేకుంటనే ఉరుకుతదంట. ఇగ హీరోకెందుకు పైసలిచ్చుడు?"

"క్లచ్ ఏది మామా?"

"గదే తమాషా. బయలెల్లేటప్పుడు క్లచ్ తనంత తానే పట్టుకుంటది, మోపెడు లెక్క. ఇగ ఉరుకుతున్నప్పుడు బటన్ నొక్కితే ఇంజన్ రెప్పపాటు సప్పుడాపుతది. గా సందులనే గాలి టప్పుమని గేర్ రాడ్‌ను తంతది. గేరు పడ్తది. నేను ఫ్రేమ్ అతికిన, చైన్ ఏసిన. గాలి సంగతంతా వాళ్ల ఇంజినీరు బిగించి నిన్ననే ఇమానమెక్కిండు."

బయట ఎండ పడ్డ గడపలో హైహీల్స్ చప్పుడైంది. వసంత. చీర మారింది, నవ్వు మారలేదు. మట్టయ్య వెల్డింగ్ రాడ్లు ఏరుతున్నట్టు వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"వడ్లు ఎండినయా మేడమ్?"

ఆమె ఆగింది. నల్లద్దాల వెనక కళ్లు కనపడలేదు.

"నన్నడుగుతావేంటయ్యా? వడ్ల సంగతి మంగయ్యనడుగు."

వెళ్లిపోయింది. మట్టయ్య రాడ్లు ఏరుకుని లేచాడు. అయితే ఆమె వాళ్ల మనిషే. నాగరాజు టీలో ఏం కలిపారో, ఎవరు కలిపారో ఇక అడగనక్కర్లేదు.

మూడు రోజులు ఆమె అతన్ని చూసింది. క్రోల్‌కు మాత్రం ఏమీ చెప్పలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

*

గురువారం పొద్దున ఆరు గంటలకు బండి ముక్కులో మందు నింపారు. కాలువ చేరేదాకా ఇంజన్ ఇక స్టార్ట్ చేయొద్దన్నాడు క్రోల్. పొడుగాటి మనిషి. చేతులకు తెల్ల గ్లవ్స్. పెట్రోలు వాసన కూడా పడనివాడు. మందు పెట్టెల లెక్క చూసుకోవడానికి అవతలికి పోయాడు.

మట్టయ్యకు రెండు నిమిషాలు దొరికాయి. వైర్లు కోస్తే రిమోట్ మీద ఎర్రలైటు వెలుగుతుంది. క్రోల్ పారిపోతాడు. లైటు వెలగకుండా బండి చెడాలి.

సిలిండర్ దగ్గర వంగాడు. పరదేశపు ఇంజన్. న్యూట్రల్ నుంచి రాడ్‌ను కిందికి నొక్కితే ఒకటో గేరు. మిగతావన్నీ పైకి ఎత్తాలి. మట్టయ్య రెండు నీలం పైపులూ పీకాడు. దానిది దీనికి, దీనిది దానికి తగిలించాడు. ఇక పైకి అంటే కిందికి. కిందికి అంటే పైకి.

లేచి చూస్తే క్రోల్ గడపలో ఉన్నాడు. చేతిలో పిస్టల్.

క్రోల్ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అతని పక్కనున్న వసంత తెలుగు చేసింది. "మంగయ్యా, ఇతను ఏదో కెలికాడంట. పైపులు చూడు. పై గేరు పైపు ఎక్కడుండాలో అక్కడే ఉందా?"

వాళ్ల వెనకే వచ్చిన మంగయ్య బీడీ చెవి మీద పెట్టుకుని వంగాడు. నలభై ఏళ్లుగా ఆ వేళ్లు ఈ జిల్లా బళ్లనే విప్పాయి. ఇక్కడ తిరిగే మోటార్‌సైకిళ్లకు నాలుగు గేర్లూ కిందికే పడతాయి. పై గేరు కావాలంటే కాలు కిందికి తొక్కాలి. చిన్నపిల్లలకూ తెలిసిన సంగతి.

వేలితో పైపు వెంట పోయాడు. రాడ్‌ను కిందికి నూకే పైపు. దాని వైరు బండిలోని రిసీవర్ మీద 'పై' గుర్తుకు పోయింది.

"పై గేరంటే కాలు కిందికి తొక్కుడే గద మేడమ్. మంచిగనే ఉన్నది. దొరకు వట్టి అనుమానం."

వసంత పైపుల వైపు చూసింది. ఆ ఇంజన్ పుస్తకం మొత్తం చదివి క్రోల్‌కు వినిపించింది ఆమే. ఆమెకు తెలుసు. మట్టయ్యకు ఆ సంగతీ తెలుసు. దగ్గరికొచ్చిన క్రోల్ పిస్టల్ అతని గుండెకు మూరెడు దూరంలో ఉంది. ఆమె నోరు విప్పడానికి పట్టిన క్షణం పంట కాలమంత పొడుగైంది.

"ఓకే" అంది వసంత, క్రోల్‌తో.

*

తొమ్మిది యాభై. కోదాడ ఇవతల కాలువ కట్ట. లారీలోంచి చెక్కల మీదుగా బండిని దింపారు. మంగయ్యను మిల్లులోనే వదిలేశారు. దింపడానికి మట్టయ్య కావాలి కాబట్టి తెచ్చారు. దింపాక అతను అవసరం లేదు. క్రోల్ కళ్లలో అది రాసే ఉంది.

దూరంగా బ్రిడ్జి వైపు తెల్లకారు కనిపించింది.

క్రోల్ రిమోట్ తీశాడు. ఇంజన్ స్టార్ట్ చేసి 'కింది' బటన్ నొక్కాడు. టప్. ఒకటో గేరు పడాల్సిన చోట రెండో గేరు పడింది. బండి ముందు మూలిగింది. తర్వాత అందుకుంది. కట్ట మీద దుమ్ము లేచింది. ఎనభై. వంద. తెల్లకారు బ్రిడ్జి ఎక్కుతోంది. అందులో ముందు సీట్లో తల వంచుకున్న ఆడమనిషి ఆకారం కూడా కనిపించింది.

నూట ఇరవై. క్రోల్ ఇంకా పై గేరు నొక్కడం లేదు. రెండో గేరుతోనే అందుకుంటుందా?

నొక్కు. నొక్కరా.

కారుకు నాలుగు వందల గజాలు. మూడు వందలు. ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరిచింది. క్రోల్ బొటనవేలు 'పై' మీద పడింది.

టప్.

బండి ఒకటో గేరులో పడింది. వెనక చక్రాలు నిలువునా బిగుసుకున్నాయి. బండి బొంగరంలా తిరిగి, కట్ట అంచు దాటి, బ్రిడ్జికి అల్లంత దూరాన కాలువలో ముక్కు పెట్టింది. ముక్కులోని మందు పేలింది. నీళ్లు తాడిచెట్టంత ఎత్తు లేచాయి.

క్రోల్ వెనక్కి తిరిగాడు. పిస్టల్ లేచింది. కానీ వసంత చేతిలో అప్పటికే ఇంకో పిస్టల్ ఉంది. మట్టయ్య వైపు. క్రోల్ నవ్వాడు. అరక్షణం ఏమరుపాటు పడ్డాడు. వసంత పిస్టల్ అతని వైపు తిరిగింది. గుండు అతని తెల్ల గ్లవ్‌ను చీల్చుకుంటూ పోయింది.

మట్టయ్య అతని మీద పడి మోకాలు వీపున పెట్టాడు. చేతులు విరిచి కట్టాడు.

"ఒక్క మాట చెప్పకపోతివి" అన్నాడు రొప్పుతూ. "మూడు దినాలు సచ్చి బతికిన."

వసంత కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నల్లటి గీతలు. పన్నెండు రోజుల నిద్ర బాకీ.

"క్రోల్ కన్ను తప్పి కబురు పంపే సందే దొరకలా. పైగా కోడ్ మర్చిపోయానండీ. తేమో, తవుడో... ఎంత తన్నుకున్నా గుర్తు రాలా. తప్పు చెప్తే చంపేస్తారనుకున్నా."

గుండీలో చీఫ్ గొంతు గరగరమంది. "మట్టయ్యా, సావిత్రమ్మకు ఏం తెల్వొద్దు. ఏదన్న జెప్పు."

తెల్లకారు బ్రిడ్జి దిగి ఆగింది. వసంత క్రోల్‌ను లారీలోకి తోసింది. మట్టయ్య కట్ట వెంట పరుగెత్తి, బండి మునిగిన చోట పంచె సర్దుకుని ఒడ్డున నిలబడ్డాడు. కాలువ నిండా చచ్చిన చేపలు తెల్లగా తేలుతున్నాయి.

"ఏం పేలిందక్కడ?" డాక్టర్ సావిత్రి గొంతులో కోపం.

మట్టయ్య నీళ్లను చూశాడు. చేపలను చూశాడు.

"నీళ్లల మందుతోటా పేల్చిన మేడమ్. చేపల కోసం."

ఆమె పావుగంట తిట్టింది. చట్టాలు చెప్పింది, సెక్షన్లు చెప్పింది. పేరు అడిగి రాసుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి దేశం మొత్తంలో ఆ కాలువ సంగతి మీద నమోదైన కేసు ఒక్కటే: మట్టయ్య, అనుమతి లేకుండా చేపలు పట్టుట.