తుండు కింద తడి

మద్రాసు మనది కాదని తేలిపోయిన మరుసటి ఏడు. జార్జి టౌన్‌లో కోదండరాం శెట్టి ఇంట్లో పొద్దున్నే కాఫీ లోటా కామేశం చేతిలోంచి జారి పడింది. ఆ ఇంట్లో అది కొత్త కాదు. వయసొచ్చిన ఈ కొడుక్కి అరచేతుల్లో ఎప్పుడూ చెమట నీళ్లలా కారుతుంటుంది.

"ఈ పొద్దు మండీకి రావద్దు. రేపట్నుంచి మీ బావ ఆదిమూలం చూసుకుంటాడు బేరాలు" అన్నాడు కోదండరాం.

మిరపకాయల మండీలో ధర నోటితో చెప్పరు. తుండుగుడ్డ కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. చెయ్యి తడిగా తగిలితే వీడు బెదిరాడని ఎదుటివాడు ధర తొక్కేస్తాడు. ఇది జబ్బని ఎవడూ అనడు. పిరికితనం అంటారు. కన్నతండ్రే ముందు అన్నాడు. జబ్బును తిట్టడమే మనకు తెలిసిన వైద్యం.

భర్త గడప దాటగానే అలివేలుమంగ కొడుకును రిక్షా ఎక్కించింది. ఆస్పత్రిలో డాక్టరు మెడ మొదట్లో సూది గుచ్చి, చెమట పట్టించే నరం దగ్గర మందు వదిలాడు. "ఇది పరీక్ష. సాయంత్రానికి దిగిపోతుంది. గుణం కనబడితే ఎక్కువకాలం నిలిచే సూది వేస్తాను. ఇంటిపెద్ద ఒప్పుకోవాలి."

కుడిచెయ్యి వెచ్చబడి, ఆరింది. కానీ కుడికంటి రెప్ప వాలిపోయింది. మందు దిగితే లేస్తుందన్నాడు డాక్టరు. తల్లి మాత్రం ఇంటిదాకా ఆ కన్నే చూస్తూ వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన కోదండరాం కొడుకును చూసి నిలబడిపోయాడు.

"కంటికేమైందిరా?"

"చేతి చెమటకు నరానికి సూది వేయించినా" అంది అలివేలుమంగ.

"ఎవర్నడిగి? చెయ్యి పడిపోతే నువ్వు మోస్తావా? పిరికితనానికి మందేందే?"

"పిరికితనమైతే మందుకు ఆరతాదా? పట్టుకోని చూడండి."

కోదండరాం భుజం మీది తుండు లాగాడు. "సరి, రా. ధర చెప్పు."

తుండు కింద కుడిచేత్తో తండ్రి వేళ్లు అందుకున్నాడు కామేశం. తడి. అలవాటుగా సిగ్గుపడి చెయ్యి లాక్కుని, పంచెకు తుడిచి చూసుకున్నాడు. ఎండిన చెయ్యి. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ తడి.

"నాయనా, ఇది నీ చెమట."

ఇన్నేళ్లూ ఇద్దరి చేతులూ కలిసినప్పుడల్లా తడంతా కొడుకు లెక్కలోకే పోయింది. కొడుకూ నమ్మాడు.

కోదండరాం తుండుతో చెయ్యి తుడుచుకున్నాడు. "నీ మాదిరి ఎప్పుడూ కారదు. బేరం కాడ మాత్రమే. బియ్యప్పిండి రాసుకోని పోతా."

"ఇన్నేండ్లు కాపరం చేసినా. నాకు చెప్పలేదే" అంది అలివేలుమంగ.

"నవ్వతావని." కొడుకు వైపు తిరిగాడు. "ఈ పొద్దు చెమట బేరానికి కాదు. వాడి కన్ను చూసినా. రెప్ప లేస్తాదంటావా?"

ఆ పూట కోదండరాం మండీకి పోలేదు. కొడుకు ఎదురుగానే కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు రెప్ప లేచింది. కుడిచెయ్యి మళ్లీ చెమర్చింది. కోదండరాం దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"బావ మాట మరిచిపో. రేపు నేనూ వస్తా ఆస్పత్రికి. ముసలోళ్లకూ వేస్తాడేమో అడగాల."

"ముందు వాడికి ఒప్పుకోండి" అంది అలివేలుమంగ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"దానికే గదా వచ్చేది."