రెండో కాపీ

ఆదివారం. మధ్యాహ్నం 3:10.

అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో క్రిస్టీ శవం కనిపించింది. తల వెనక దెబ్బ. ఎవరో కారుతో గుద్ది, దిగనైనా దిగకుండా పోయారని పోలీసులు అనుకున్నారు. మొదట చూసింది భర్త మణి. భార్య ఫోన్ ఎత్తడం లేదని ఇంటి నుంచి వెనక్కి వచ్చాడు పాపం.

గుద్దింది ఎవరో తనకు తెలియాలన్నాడు. ఇంకేమీ అడగలేదు.

కెమెరా ఉంది. కానీ రికార్డింగులు దాచే లైనక్స్ సర్వర్ ఖాళీ. పక్కనే ఉన్న బ్యాకప్ డిస్క్ కూడా ఖాళీ. రెండింటినీ 2:31కి తుడిచేశారు.

డిటెక్టివ్ జోసఫిన్ అనుమానం ముందు సృజన్ మీదకే వెళ్లింది. జనవరిలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిన వాలంటీర్ అతనే.

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకొక్కడికే, మేడమ్."

"ఏం పెట్టావు?"

సృజన్ తల దించుకున్నాడు. ఈ ఏడాది సంఘానికి వాగ్దానంగా వచ్చిన బైబిల్ వచనమే పెట్టాడట. ఆ కార్డు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. తెలివి తెల్లారినట్టే ఉంది. పైగా ఆ సంఘంలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే, లైనక్స్ వాళ్లకు కొట్టిన పిండి.

రికార్డింగులు పోయాయని మాత్రమే, బ్యాకప్ మాట ఎత్తకుండా, సృజన్ ఆ రోజు ముగ్గురికి ఫోన్ చేశాడు. ఎవరేమన్నారో జోసఫిన్ గుచ్చి గుచ్చి అడిగింది. పాస్టర్ ఇమ్మాన్యుయేల్ బ్యాకప్ తీయమన్నారు. ఏడుస్తూనే మణి కూడా అదే అడిగాడు. సంఘపెద్ద సుందర్ రాజ్ మాత్రం, పోయినదానికి ఏం చేస్తాం, ప్రార్థన చేద్దాం అన్నాడు.

సృజన్ ఇంకో సంగతి బయటపెట్టాడు. రెండు డిస్కులూ ఒకే గదిలో ఉంటే ఏం లాభమని పోయిన వారమే సెట్టింగ్ మార్చాడు. పది నిమిషాలకోసారి ఇంకో కాపీ ఊరవతల అద్దె సర్వర్‌కి వెళుతుంది. దాన్ని వెనక్కి రప్పించడానికి గంటలు పడతాయి. ఎవరికీ చెప్పొద్దంది జోసఫిన్.

సోమవారం. సాయంత్రం 5:40. చర్చి ఆఫీసులో నలుగురినీ కూర్చోబెట్టింది.

"సుందర్ రాజ్ గారూ, మీ ఉద్యోగం?"

"స్టోరేజ్ ఇంజనీర్‌ని."

"డేటా పోయిందని ఫోన్ వస్తే మొదట ఏం అడుగుతారు?"

జవాబు ఆమే చెప్పింది.

"బ్యాకప్ ఉందా అని. కంప్యూటర్ గొడవ తెలియని పాస్టర్ గారే అడిగారు. మీరు అడగలేదు. అదీ పోయిందని మీకు ముందే తెలుసు."

సుందర్ రాజ్ ఒప్పుకున్నాడు. కారు తనే డ్రైవ్ చేశానన్నాడు. తనే గుద్దానన్నాడు.

జోసఫిన్ లాప్‌టాప్ అందరికీ కనిపించేలా తిప్పింది. అద్దె సర్వర్ నుంచి వీడియో వచ్చేసింది. శబ్దం లేదు.

2:14. డ్రైవర్ సీటులోంచి దిగింది ఆయన కొడుకు ఎవాన్. పదిహేనేళ్ల వాడు, లెర్నర్ పర్మిట్ కూడా లేదు. ఖాళీ లాట్‌లో తండ్రి డ్రైవింగ్ నేర్పిస్తున్నాడు. వాడు పరుగెత్తుకెళ్లి, సండే స్కూల్లో తనకు పాఠాలు చెప్పిన క్రిస్టీ ఆంటీ పక్కన మోకరించాడు. ఫోన్ తీశాడు. తండ్రి ఫోన్ లాక్కుని, వాణ్ణి కారులోకి ఈడ్చుకెళ్లాడు. మళ్లీ వచ్చి ఆమె మీదకు వంగాడు.

క్రిస్టీ పెదవులు కదిలాయి.

మణి స్క్రీన్ దగ్గరికి జరిగి, సుందర్ రాజ్ వైపు తిరిగాడు. "మాట్లాడుతోంది. ఏమంటోంది, బ్రదర్?"

కొడుకును కాపాడుకోబోయిన తండ్రి మీద జాలి కలగాలి. జోసఫిన్‌కు కలగలేదు. చెప్పమంది.

సుందర్ రాజ్ చెప్పాడు.

"నీళ్లు అడిగింది, మణీ. నేను సర్వర్ గదికి వెళ్లాను."