లోపల ఒకరు, స్విచ్ దగ్గర ఒకరు

గాజువాక కోచింగ్ సెంటర్లో ఆదివారం మాక్ ఇంటర్వ్యూలు. ప్రశ్నలడిగే కుర్చీలో దేవీప్రసాద్ కూర్చున్నాడు. పజిల్స్ అన్నిటికీ జవాబులు కంఠతా వచ్చినవాడు అక్కడ అతనొక్కడే. ఆ సంగతి అతనికి మరీ బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

ఎదురుగా కొత్తగా చేరిన మధులత.

మూసిన గదిలో ఒక బల్బుంది, బయట మూడు స్విచ్‌లున్నాయి. గదిలోకి ఒక్కసారే వెళ్ళొచ్చు. బల్బు స్విచ్ ఏదో ఎలా కనిపెడతావని అడిగాడు.

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "లోపల ఒకర్ని నిలబెడతాను. నాను స్విచ్ వేసి ఎలిగిందా అని అడుగుతాను. ఆల్లు సెప్తారు."

క్లాసంతా నవ్వింది. ప్రసాద్ అందరికంటే ఎక్కువ నవ్వి, అసలు జవాబు వివరించాడు. మొదటి స్విచ్ కాసేపు వేసి ఆపేయాలి. రెండోది వేసి లోపలికెళ్ళాలి. బల్బు వెలుగుతుంటే రెండోది, ఆరిపోయి వేడిగా ఉంటే మొదటిది, చల్లగా ఉంటే మూడోది.

"ఎల్ఈడీ బల్బయితే ఏటి సేత్తావు? సెయ్యి పెడితే యేడి తెలీదు కదా" అంది మధులత.

అతను గబగబా తర్వాతివాళ్ళని పిలిచాడు.

క్లాసయ్యాక ఇద్దరూ దువ్వాడ వైపే వెళ్ళాలి. మర్నాటినుంచి ఆమె వచ్చేదాకా ప్రసాద్ ఏ బస్సూ ఎక్కేవాడు కాదు, వాదన మిగిలిపోయిందని తనకు తానే చెప్పుకుంటూ. ఆమె దేన్నీ ఊరికే ఒప్పుకునేది కాదు. పులినీ మేకనీ గడ్డిమోపునీ పడవలో ఏరు దాటించే లెక్క చెబితే, పులిని పెంచుకునేవాడికి గడ్డి మీద బెంగేటని అడిగింది. ఒకరోజు బస్సు బయట వాన. మసకబారిన అద్దం మీద వేలితో పడవ గీస్తున్న ఆమెను చూస్తూ అతను దిగాల్సిన స్టాపు దాటిపోయాడు.

ఆమె నాన్న గవర్రాజు స్టీల్ ప్లాంట్లో ఎలక్ట్రీషియన్. అక్కడ కరెంటు పని ఒక్కరే చెయ్యరట. మెషిను దగ్గర ఒకరు, స్విచ్ దగ్గర ఒకరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ట్యూబ్‌లైట్ మార్చినా సరే, నాన్న స్టూలెక్కితే అమ్మ వరహాలమ్మ స్విచ్ దగ్గర నిలబడి "ఎలిగిందా?" అని వీధంతా వినబడేలా అడుగుతుంది. జవాబొచ్చేదాకా ఇద్దరూ కదలరు.

ప్రసాద్ నవ్వాడు గానీ, ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అతను ఏ లెక్కయినా ఒంటరిగా తలుపేసుకుని చేసినవాడే. అవతల ఒక మనిషిని నిలబెట్టుకోవచ్చని ఎప్పుడూ తోచలేదు. తోచాక, ఆ మనిషి మధులత తప్ప ఇంకెవరూ కాలేదు. ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. దీనికి కంఠస్థం చేసిన జవాబు లేదు.

ఇంతలో ఆమెకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, సోమవారం బయల్దేరాలి. ఈలోగా శుక్రవారం రుషికొండలోని ఒక కంపెనీలో ఇద్దరికీ ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం వస్తే ఆమె ఇక్కడే ఉండిపోతుంది.

ముందు ప్రసాద్‌ని పిలిచారు. అదే బల్బు, అవే స్విచ్‌లు. జవాబు నాలిక చివరే ఉంది. కానీ ఆ జవాబు మీద అతనికిప్పుడు నమ్మకం లేదు.

"లోపల మధులతని నిలబెడతాను సార్" అనేశాడు.

ఇంటర్వ్యూ చేస్తున్నాయన కళ్ళద్దాలు తీసి, తర్వాత రావాల్సినమ్మాయి పేరు కూడా అదే కదా అన్నాడు. ప్రసాద్ బయటికొచ్చి ఆమెకు ఒక్క ముక్క చెప్పేలోపే ఆమెను లోపలికి పిలిచేశారు. అతను ఎదురుగా బస్టాపులో కూలబడ్డాడు. తన నోటిదూలతో ఆమె ఉద్యోగం పోగొట్టాననుకున్నాడు. సముద్రం మీంచి చినుకులు మొదలయ్యాయి.

చాలాసేపటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "నాకొచ్చింది. నీకు రానేదంట" అంది మెల్లగా.

బాధపడాల్సింది. పడలేదు. "అయితే సోమవారం వెళ్ళవన్నమాట" అన్నాడు.

"ఎల్లను. అతను మీకేటవుతాడని అడిగారు లోపల."

"ఏం చెప్పావు?"

"ఆడింకా అడగనేదు సార్ అన్నాను."

బస్సొచ్చి ఆగింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ప్రసాద్ ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"వెలిగిందా?"

"ఎప్పుడో ఎలిగింది" అంది మధులత. "సిచ్చి కాడున్న మనిసి అడిగితేనే కదా, నాను సెప్పడం."