కరకట్ట మీద లేచిపోయినవారు

కళ్యాణ్, పూర్ణిమ లేచిపోయి పెళ్ళి చేసుకున్నారన్నది పులిగడ్డ నుంచి నాగాయలంక దాకా కరకట్ట వెంబడి ఊళ్ళన్నీ ఇవాళ్టికీ నమ్మే మాట. కళ్ళారా చూశామనేవాళ్ళకు కొదవ లేదు. బస్సు వదిలేసి, వీపున సంచులు తగిలించుకుని కట్ట మీద నడిచి పోతుండగా చూశారట. చూసింది నిజమే. ఆ మాటకున్న బలమంతా అదే.

జరిగింది తొంభై ఎనిమిది దసరా సెలవుల్లో. కళ్యాణ్ అవనిగడ్డలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు, గుడివాడ మనిషి. పూర్ణిమ అదే స్కూల్లో బయాలజీ టీచరు, ఆ ఊరి రైతు శోభనాద్రి గారి కూతురు. ఏడో తరగతి పిల్లలను తూర్పు కనుమల్లో కొండ కొమ్ముల వెంట మూడు రోజులు నడిపించాలని కళ్యాణ్ ప్రతిపాదించాడు. పుట్టి బుద్ధెరిగాక గడ్డివాము కన్నా ఎత్తయినది ఎక్కని తల్లిదండ్రులు బెదిరిపోయారు.

"జారితే పిల్లాడు ఎక్కడికి పోతాడండీ?" అని ఒక తండ్రి నిలదీశాడు.

"కిందికే," అన్నాడు కళ్యాణ్, శాస్త్రప్రకారం.

దాంతో కొండ రద్దయింది. మిగిలింది కరకట్ట. వరద నుంచి ఊళ్ళను కాచే ఆ మట్టికట్టే దివిసీమకు పర్వతశ్రేణి. ఎక్కితే ఒక పక్క దూరంగా కృష్ణ, మరో పక్క కనుచూపు మేర వరి. జారినా చేలోనే పడతారు. పూర్ణిమ వస్తానంది. తల్లిదండ్రులు సరేనన్నారు.

కళ్యాణ్‌కు మాత్రం ఈ నడకలో సొంత పని ఒకటి ఉంది. నందివాడ సంబంధం వాళ్ళు పూర్ణిమను చూసి నచ్చిందన్నారు. "నడక నుంచి వచ్చాక చెప్తాను నాన్నా," అని ఆమె గడువు తీసుకుంది. అంటే నాగాయలంక చేరేలోగా కళ్యాణ్ నోరు విప్పాలి. న్యూటన్ సూత్రాలను నిద్రలో కూడా అప్పజెప్పగల ఆ నోరు, ఈ ఒక్క సంగతిలో రెండేళ్ళుగా పెగలలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం కట్ట కింద ఒక ఇంట్లో మంచినీళ్ళు అడిగారు. ఇల్లు ఆనందమ్మ గారిది.

"సంచులేసుకుని ఎక్కడికమ్మా?"

"నాగాయలంకండీ," అంది పూర్ణిమ.

"బస్సుందిగా?"

"ఊరికే నడుద్దామనండీ."

ఆనందమ్మ ఇద్దరినీ తేరిపార చూసింది. ఆర్టీసీ బస్సు పక్కనే తిరుగుతుండగా ఊరికే నడిచే మనిషి కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు. బస్సెక్కలేదంటే కండక్టరు గుర్తుపడతాడని భయమన్నమాట. ఇంతకన్నా బిగువైన తర్కాన్ని కళ్యాణ్ సైన్సు పుస్తకాల్లో కూడా చూసి ఉండడు.

"మరి ఇంతమంది పిల్లలెందుకే అక్కా?" అని పక్కింటావిడ గొణిగింది.

"అనుమానం రాకుండా. ఈ కాలం వాళ్ళు తెలివైనవాళ్ళే!"

ఆనందమ్మ అందరినీ కూర్చోబెట్టి వేడన్నం, దోసకాయ పప్పు, గడ్డపెరుగు పెట్టింది. లేవబోతుంటే పూర్ణిమకు బొట్టు పెట్టి, పసుపు, కొబ్బరికాయ, జాకెట్టు ముక్క చేతికిచ్చింది. "పుట్టింటివాళ్ళు ఎట్లాగూ పెట్టరు. నేను పెడుతున్నా, తీసుకో తల్లీ."

కట్టెక్కాక కళ్యాణ్ గొంతు తగ్గించి అడిగాడు. "ఎందుకు తీసుకున్నారండీ? ఆవిడ మనల్నేదో అనుకుంటోంది."

"గుమ్మంలో బొట్టు పెడితే వద్దనమంటారా? వెళ్ళి మీరే చెప్పి రండి."

కళ్యాణ్ వెనక్కి చూశాడు. ఆనందమ్మ చేతిలో ఇంకా గరిటె ఉంది. వెళ్ళలేదు.

వాళ్ళు కాలినడకన పోతుంటే వాళ్ళ సంగతి బస్సెక్కి ముందే పోయింది. ఏ ఊరు చేరినా ఆడవాళ్ళు కట్ట మీదే నిలబడి ఉన్నారు, కుంకుమ భరిణెలతో సహా. పూర్ణిమ మొదట్లో, "అట్లాంటిదేమీ లేదండీ," అని చెప్పి చూసింది. "అవునమ్మా, అట్లాగే చెప్పాలి," అని మెచ్చుకుని మరో జాకెట్టు ముక్క పెట్టారు. సున్నుండలు వచ్చాయి. అరటిగెల ఒకటి వచ్చింది. సంచుల్లో చోటు చాలలేదు.

"సార్, నడిచేకొద్దీ సంచి తేలికవుతుందన్నారు కదా?" అంది సాదియా, ఆ జట్టులో అందరికన్నా నోరున్న పిల్ల. "నా సంచిలో కొబ్బరికాయలు పెరుగుతున్నాయి సార్."

"ఆ సిద్ధాంతం కొండలకమ్మా. ఇది కృష్ణా జిల్లా."

పూర్ణిమ ఫక్కున నవ్వి అతనివైపు చూసింది. నోరు విప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కళ్యాణ్ విప్పాడు కూడా.

"పూర్ణిమ గారూ... బొద్దింక గుండెకు గదులెన్నండీ?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "పదమూడు," అని ముందుకు నడిచింది.

రెండో రోజు మధ్యాహ్నం చినుకులతో పాటే శోభనాద్రి గారు స్కూటరు మీద దిగారు. లేచిపోయిందన్న వార్త అవనిగడ్డకు అందేసరికి దానికి ఒక గుళ్ళో పెళ్ళి కూడా చేరింది.

"ఏవయ్యా మాస్టారూ! ఏమిటీ వింటున్నది? నిజమేనా?"

కళ్యాణ్ నిటారుగా నిలబడ్డాడు. "శుద్ధ అబద్ధమండీ. మా ఇద్దరి మధ్యా ఏమీ లేదు. నూటికి నూరు పాళ్ళు పుకారు."

శోభనాద్రి గారి ముఖం తేటపడింది. పూర్ణిమ ముఖం మబ్బు పట్టింది. ఆమె సంచి సర్దుకుని నడక సాగించింది. వాన జోరందుకుంది. ఆ వానకు కట్ట మీది నల్లమట్టి స్కూటరు చక్రాల్లో కూరుకుపోయి బండిని కదలనివ్వలేదు. దాన్ని ఒక పశువుల పాకలో పెట్టి, ఆయనా పంచె ఎగగట్టి పిల్లల వెనక నడిచారు. సాదియా రొప్పుతుంటే, "ఇటివ్వమ్మా," అని కొబ్బరికాయల సంచి భుజాన వేసుకున్నారు. ఇంకో పిల్ల దగ్గర జాకెట్టు ముక్కల మూట కూడా.

బరువు దిగిన సాదియా కళ్యాణ్ పక్కకు చేరింది. "సార్, టీచర్‌కి కోపమొచ్చింది."

"ఎందుకూ? నిజమేగా చెప్పాను."

"సగమే చెప్పారు సార్. సగం జవాబు రాస్తే మాకు మీరు సున్నా వేస్తారు."

కళ్యాణ్ ఆగిపోయాడు. రెండు అడుగులు జారి, ఒకటి నిలదొక్కుకుని, మోకాళ్ళ దాకా బురదతో పూర్ణిమను అందుకున్నాడు. గొడుగు అతని దగ్గర లేదు. ఆమె తన గొడుగు పంచుకోలేదు.

"పూర్ణిమ గారూ, నా జవాబు అసంపూర్ణం."

"ఏ జవాబు? పదమూడు గదులదా?"

"మీ నాన్నగారికి చెప్పింది. లేచిపోలేదన్నది నిజం. ఏమీ లేదన్నది అబద్ధం. మీ సంగతి నాకు తెలీదు గానీ, నా వైపు రెండేళ్ళుగా ఉంది. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది."

"రెండేళ్ళా! రెండేళ్ళూ స్టాఫ్ రూములో బొద్దింక గుండె గురించి అడిగారు కదండీ నన్ను!"

"అంతకన్నా దగ్గరగా గుండె ప్రస్తావన తేవడం నాకు చేతకాలేదు."

పూర్ణిమ పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది. నవ్వు కళ్ళలోంచి బయటపడింది. గొడుగు కాస్త ఇటు వంగింది. "నందివాడ వాళ్ళకి నేనింకా ఏమీ చెప్పలేదు," అంది మెల్లగా. "ఎందుకు గడువు తీసుకున్నాననుకున్నారు? కట్ట అందాలు చూడటానికా?"

వెనక నుంచి దగ్గు వినిపించింది. మూటలు మోస్తున్నా శోభనాద్రి గారి చెవులు ఖాళీగానే ఉన్నాయి.

"నేను బతికే ఉన్నానయ్యా," అన్నారాయన. "ఆలోచించాలి."

ఆ ఆలోచన సాయంత్రం ఊళ్ళో మొదలైంది. పెళ్ళికూతురి తండ్రి వచ్చాడనగానే కుర్చీ వేశారు, కాళ్ళకు నీళ్ళిచ్చారు, చేపల పులుసు వడ్డించారు. "సంగతి వేరండీ," అని ఆయన చెప్పబోయిన ప్రతిసారీ మరో ముక్క విస్తట్లో పడింది. మర్నాడు మరో రెండు ఊళ్ళలో అదే మర్యాద. నాగాయలంక రేవులో సంచులు దించేసరికి ఆయన ముఖంలో నిశ్చయం కనిపించింది. నూటికి నూరు పాళ్ళు అది ప్రేమకు లొంగిన ముఖం కాదు.

"అమ్మాయ్, పులిగడ్డ నుంచి ఇక్కడిదాకా వీళ్ళందరూ మనకి వియ్యాలవారి భోజనం పెట్టారు. నేనూ తిన్నాను. తిని, తిరిగి పెట్టకపోతే ఈ కట్ట మీద మళ్ళీ తలెత్తుకు తిరగ్గలనా?"

"అంటే నాన్నా?"

"అంటే ఈ ఊళ్ళన్నిటినీ పిలిచి భోజనాలు పెట్టాలి. అందుకు ఒక పెళ్ళి కావాలి." కళ్యాణ్ వైపు తిరిగారు. "నందివాడ వాళ్ళకి నేను చెప్పుకుంటా. మీ పెద్దవాళ్ళని రమ్మనవయ్యా. బస్సులో రమ్మను."

మాఘంలో పెళ్ళయింది. కట్ట వెంబడి ఊళ్ళన్నీ ట్రాక్టర్లలో వచ్చి శుభ్రంగా తిన్నాయి. ఆనందమ్మ గారు రెండో పూతరేకు విప్పుతూ, లేచిపోయిన పిల్లకు తండ్రి ఆనక పరువు కోసం చేస్తున్న పెళ్ళి ఇదని పక్కవాళ్ళకు వివరించింది. అందరూ తలూపారు.

వాళ్ళు లేచిపోయారంటున్న ఆ దారిలో, దాదాపు సగం దూరం, పెళ్ళికూతురి సామాను మోసింది ఆమె తండ్రి.