ఆ గొంతు నాదే

"ఈ కంపెనీలో పనిచేసేవాళ్ళ కంటే టీ తాగేవాళ్ళే ఎక్కువైపోయారు. మా అమ్మాయెక్కడ? రమ్మనండి."

డబ్బింగ్ థియేటర్‌లోంచి నాన్న గొంతు వినిపించగానే ఆమె తాగుతున్న టీ పక్కన పెట్టేసి పరుగున వచ్చింది. "వచ్చేశా నాన్నా" అంటూ తలుపు తోసింది. లోపల నాన్న లేరు. మైకు ముందు ఒక పొడుగాటి కుర్రాడు చేతులు వెనక్కి కట్టుకుని, లేని పొట్టను ముందుకు తోసి, అచ్చం ఆయనలాగే నిలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్న ఆర్టిస్టులు స్క్రిప్టు కాగితాలు మొహాలకు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంటున్నారు.

"ఎవరు మీరు?" అందామె.

"కొత్తగా చేరిన ఎలుగుబంటినండీ" అన్నాడతను, నీళ్ళు నములుతూ.

నిజానికి అతని ఉద్యోగం అదే, బొమ్మ ఎలుగుబంటికి గొంతివ్వడం. ఆ కంపెనీ పిల్లల కోసం బొమ్మల సినిమాలు, సీరియళ్ళు తీస్తుంది. ఆమె తాతగారు రెండు గదుల్లో మొదలుపెడితే తండ్రి దాన్ని మూడంతస్తులు చేశారు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. డబ్బింగ్ సెక్షన్ ఆమెది. బ్యాంకులూ బేరాలూ అన్నయ్యవి. ఇక ఎవరి గొంతు విన్నా ఇట్టే పట్టేసే ఈ కుర్రాడికి చేరిన వారంలోనే చిలక అని పేరు పడిపోయింది.

ఆ రోజు ఆమె అతన్ని అందరిముందూ కడిగిపారేసింది. మర్నాడు కసిదీరా ఎలుగుబంటి డైలాగులు మళ్ళీ మళ్ళీ చెప్పించింది. ప్రతి టేకుకీ "ఇంకోటి" అనేది. అతను గొంతు బొంగురుపోయినా కిమ్మనలేదు. చివరికి ఆమెకే పాపమనిపించి వేడినీళ్ళ ఫ్లాస్కు అతని ముందుకు తోసింది. ప్రేమ ఎక్కడ మొదలైందని అడిగితే ఆమె ఫ్లాస్కు దగ్గర అంటుంది, అతను తలుపు దగ్గరే అంటాడు.

ఒక సాయంత్రం బయట కుండపోత. ఇద్దరికీ ఒక్కటే గొడుగు. గేటు దాకా అతను గొడుగు మొత్తం ఆమె వైపే వంచి, నిలువునా తడిసి, తడవలేదని బుకాయించాడు.

"మరి ఆ నీళ్ళేంటి?"

"చెమటండీ. మీరు పక్కనుంటే టెన్షన్ కదా."

నవ్వకూడదని ఎంత బిగబట్టుకున్నా ఆమె నవ్వేసింది. గేటు ఇంకాస్త దూరంగా కట్టి ఉంటే ఎవరి సొమ్మేం పోయేదని ఇద్దరూ అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే మొదలైంది ఆ దరిద్రం. ఏదో వెబ్‌సైట్‌లో ఎవరో రాశారు, "చేతులు మారనున్న కుటుంబ కంపెనీ?" అని. చివర ప్రశ్నార్థకం తగిలిస్తే ఏం రాసినా చెల్లుతుందని వాళ్ళ ధీమా. మర్నాటికి టీవీలు అందుకున్నాయి. విశ్వసనీయ వర్గాల సమాచారమట. ఆ వర్గాలెవరో కనిపిస్తే నాలుగు దులపాలని ఉంటుంది గానీ, ఎప్పుడైనా కనిపిస్తేగా. పూటకో కొత్త పేరు. పొద్దున బొమ్మల ఫ్యాక్టరీవాళ్ళు కొన్నారు, సాయంత్రానికి ఫోన్ల కంపెనీ వాళ్ళు కొన్నారు. పెద్దాయన గేటు దగ్గర నిలబడి "అమ్మను" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారు. అంత గట్టిగా ఖండించారంటే లోపల ఏదో ఉందని ఆ ఒక్క మాట మీద గంటసేపు చర్చ పెట్టారు.

లోపల నిజంగానే ఒకటుంది. అమ్మాలన్నది అన్నయ్య కోరిక. అడిగేవాళ్ళుండగానే వదిలించుకుందామని ఏడాదిగా అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అతను అదే పాట. పెద్దాయన మజ్జిగ పోసుకుని లేచిపోయేవారు.

ఈ గోలతో ఆమెకు నవ్వు మొహం కరువైంది. సంస్థలో ఎవరు ఎదురుపడినా మా ఉద్యోగాలుంటాయా మేడమ్ అనే అడిగేవారు. చిలక అది చూడలేకపోయాడు. ఆమెను ఒక్కసారైనా నవ్వించాలి, పనిలో పని మనసులో మాటా చెప్పేయాలి అనుకున్నాడు. మధ్యాహ్నం బ్రేకులో ఖాళీ థియేటర్లో కూర్చుని, పెద్దాయన గొంతుతో ఆమెకు వాయిస్ మెసేజ్ పంపాడు.

"అమ్మాయ్, కంపెనీ అమ్మేశాను. డబ్బొద్దన్నాను. బదులుగా ఒక చిలకను ఇచ్చారు. మాటలు బాగా వచ్చు, తిండి తక్కువ. నీకు మొగుడిగా పనికొస్తాడేమో చూడు తల్లీ."

అతను పెళ్ళికి అడిగింది అలా. సొంతంగా అడిగే ధైర్యం లేక కాబోయే మామగారి గొంతు అరువు తెచ్చుకున్నాడు, వెర్రి వెధవ.

ఆమె కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఒక రోజు ఏడిపించి ఎదురుగా చెబుదామనుకుంది. ఆ సంతోషం పట్టలేక మెసేజ్‌ను అన్నయ్యకు పంపింది. చిన్నప్పటినుంచీ ఆమె రహస్యాలన్నీ మొదట చేరేది అక్కడికే. నాన్నకు నువ్వే మెల్లగా చెప్పాలన్నయ్యా అని కింద రాసింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం టీవీలో పెద్దాయన ఫొటో, దాని కింద ఎర్రటి అక్షరాలు, ఆయన గొంతు. "కంపెనీ అమ్మేశాను." అంతే. అమ్మాయ్ లేదు, చిలక లేడు, మొగుడు అసలే లేడు. ముందూ వెనకా కోసేసి ఆ రెండు మాటలనే సాయంత్రం దాకా తిప్పి తిప్పి వేశారు. ఖండిస్తే మళ్ళీ గంటసేపు చర్చేనని పెద్దాయన ఈసారి గేటు దగ్గరికే రాలేదు.

ఆమె మెసేజ్ పంపింది ఒక్కరికే. నేరుగా అన్నయ్య గదికి వెళ్ళి నిలబడింది. అతను ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు.

"ఎలాగూ జరిగేదే. నేను కాస్త తొందర చేశాను, అంతే" అన్నాడు.

కొత్త సీరియల్ కొంటామన్న చానెల్‌వాళ్ళు ఇక కొత్త ఓనర్లతోనే మాట్లాడతామన్నారు. ఆర్టిస్టులు ఒక్కొక్కరే వేరే స్టూడియోలు చూసుకున్నారు. బ్యాంకు మేనేజరు ఫోన్లో వెనకటంత మర్యాదగా మాట్లాడటం మానేశాడు. నెల తిరక్కుండానే అబద్ధం కాస్తా నిజమైపోయి, సంతకం ఒక్కటే మిగిలింది.

ఇక ఊరుకోలేక చిలక పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. ఆ గొంతు తనదని, పూర్తి మెసేజ్ తన ఫోన్లో ఉందని, టీవీవాళ్ళకు వినిపిస్తే అంతా తేలిపోతుందని చెప్పాడు. పెద్దాయన ఫోన్ అందుకుని చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నారు. చిలక అన్న చోట ఆయన మొహంలో చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది.

"బాగా చేశావు బాబూ. నేనే నమ్మేశాను" అన్నారు. "ఇది ఎవరెవరి దగ్గరుంది?"

చిలక తల వంచుకున్నాడు.

"చెప్పక్కర్లేదులే. నువ్విది వినిపించావనుకో, తర్వాత అడిగేది ఒక్కటే. కోసిందెవరని. నా కొడుకు పేరు పేపర్లో ఎక్కడానికి నేను బతికుండగా ఒప్పుకోను."

"కంపెనీ పోతుంది సార్."

"పోతే పోయింది. వాడు పోకూడదు."

ఆయన లేచి గేటు దగ్గరికి నడిచారు. కెమెరాలు మీద పడ్డాయి. ఆ ఆడియో నిజమేనా అని అడిగారు. జీవితంలో పిల్లలతో కూడా అబద్ధమాడని మనిషి మొదటిసారి ఆడారు, అదీ టీవీలో.

"నిజమే. ఆ గొంతు నాదే."

సంతకాలయ్యాయి. కొన్నవాళ్ళు అన్నయ్యను పెద్ద పదవిలో కూర్చోబెట్టారు. పెద్దాయన గది ఖాళీ చేసే రోజు ఆమె డబ్బింగ్ థియేటర్‌కు వచ్చింది. చిలక ఒక్కడే ఉన్నాడు. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది తడబడుతూ అడిగేశాడు. ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుందని, ఆమెనూ పెద్దాయన్నూ బాగా చూసుకుంటానని అన్నాడు.

ఆమె మైకు స్విచ్చి ఆపేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నాన్నకు అతని మీద కోపం లేదట. మామూలు రోజుల్లో అయితే తానే పిలిచి పెళ్ళి మాట అడిగేవాణ్ణని నిన్ననే అన్నారట.

"అయితే ఇంకేంటి?"

"పెద్దాయన అల్లుడు మిమిక్రీ ఆర్టిస్టు అని తెలిసిన రోజే ఆ గొంతెవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఆ వెంటనే అన్నయ్య సంగతీ బయటికొస్తుంది. నాన్న అందరిముందూ అబద్ధాలకోరు అవుతారు."

"ఆ మనిషి కోసం నన్ను వదులుకుంటావా?" అన్నాడతను.

"అన్నయ్య కోసం కాదు. వాడి మొహం చూడాలంటేనే నాకు అసహ్యం. నాన్నకు ఇక మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా నేనే పోగొట్టలేను." చెయ్యి చాచింది. "నీ ఫోన్ ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె మెసేజ్ వెతికి తీసేసింది. తన ఫోన్లోదీ తీసేసింది.

"ఆ మెసేజ్‌లో నాన్నే మాట్లాడారని తేలాక, ఆ రోజు నువ్వసలు నన్ను అడగనే లేదన్నమాట" అంది. ఏడుస్తోంది. "అడిగుంటే మాత్రం, సరేననేదాన్ని. మర్నాడే చెబుదామనుకున్నాను."

కింద కారు హారన్ మోగింది. స్టీరింగ్ దగ్గర అన్నయ్య ఉన్నాడు, ఆలస్యమవుతోందని మళ్ళీ కొట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మెట్లు దిగి, వెనక సీట్లో నాన్న పక్కన కూర్చుంది.